పులుసుకి చట్టే ఎందుకు? సత్తు గిన్నె చెప్పే కథ



చేపల పులుసు మట్టి చట్టిలోనే ఎందుకు, సత్తు గిన్నెలో చేస్తే ఉడకదా అని చాలామంది అడుగుతుంటారు. ఉడుకుతుంది. కానీ అసలు జవాబు కావాలంటే నూటపాతికేళ్లు వెనక్కి పోవాలి.

అప్పుడు మన సంగం, నెల్లూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. పేదోళ్ల ఇంట మట్టి కుండలు, కలిగినోళ్ల ఇంట రాగి, ఇత్తడి గిన్నెలు. ఇత్తడికి పులుపు తగిలితే చిలుమెక్కుతుంది. అందుకని లోపల తగరంతో కళాయి పూయించేవాళ్లు. పూత అరిగితే మళ్లీ కళాయి వేసేవాడికి డబ్బులు పెట్టుకోవాల్సిందే.

సత్తు అప్పటికి కొత్త లోహం. 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్సులో హెరూ కరెంటుతో దాన్ని తీసే పద్ధతి కనిపెట్టాకే ధర దిగింది. 1898లో చాటర్టన్ అనే ఇంగ్లీషు ఇంజినీరు మద్రాసు ఆర్ట్స్ స్కూల్లో సత్తు గిన్నెలు చేయించడం మొదలుపెట్టాడు. తేలిక, పగలదు, కళాయి ఖర్చు లేదు. ఇంకేం, మెల్లగా పల్లెల్లోకీ వచ్చేసింది. గమనించారా? రుచి చూసి కాదు, ఖర్చు చూసి గిన్నె మార్చుకున్నాం.

ఇక్కడే చిక్కు. చింతపండు పులుపు సత్తుని కొద్దికొద్దిగా తినేస్తుంది. పులుసు కాచిన సత్తు గిన్నె లోపల తోమినట్టు తెల్లగా మెరుస్తుంది చూడండి. ఆ పైపొర పులుసులోకి దిగిందన్నమాట. మన పులుసేమో రాత్రి చేసి మర్నాడు తింటేనే రుచి. రాత్రంతా సత్తులో ఉంచితే ఎట్టా?

మట్టికి ఆ బాధ లేదు. పైగా నిదానంగా వేడెక్కుతుంది, పొయ్యి మీద నుంచి దించినా కాసేపు కుతకుతలాడుతూనే ఉంటుంది. ఈ గుణం కోసమే రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా సైనికులు జపాన్ నుంచి 'కమాడో' మట్టి పొయ్యిలు ఇంటికి పట్టుకుపోయారు. ఈరోజు వాళ్లు టర్కీ కోడిని కాల్చే పింగాణీ పొయ్యికి మూలం అదే.

చట్టి కొనేటప్పుడు ఇవి చూసుకోండి. నోరు వెడల్పుగా, లోతు తక్కువగా ఉండాలి. ముక్కలు ఒకే వరసలో సర్దుకోవాలి. అప్పుడే గరిటె పెట్టకుండా చట్టి పట్టుకుని తిప్పితే సరిపోతుంది, ముక్క చితకదు. వేలితో కొడితే ఖంగుమనాలి. బద్ద మోత వస్తే ఎక్కడో పగులున్నట్టే. రంగు పూసి మెరిపించినవి వద్దు, కొన్ని పూతల్లో సీసం ఉంటుంది, పులుపు దాన్ని లాగేస్తుంది. కొన్నాక రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఒకసారి గంజి కాచి, ఆ తర్వాత వాడండి. వేడి చట్టిలో చన్నీళ్లు పోయొద్దు.

సత్తుని పారేయమని చెప్పట్లేదు. నీళ్లు కాచుకోండి, అన్నం వండుకోండి. పులుసు మాత్రం చట్టిలో పెట్టండి. ఆ చట్టి మన కుమ్మరి దగ్గరే కొనండి. మనం కొనకపోతే ఆయన సారె ఆగిపోతుంది. అది ఆగాక రుచి గుర్తొచ్చినా చేసేదేం ఉండదు.

మీ ఊళ్లో సారె ఇంకా తిరుగుతోందా? చెప్పండి.