సంధానక్రియ: పుట్టుక, పరిణామము

‘మా అన్న వైద్యుడు’ అను వాక్యమున నేదో కొఱవడినదని తెలుగువా డెవ్వడును తలపడు. ఆ వాక్యమునే ఆంగ్లమున వ్రాయబూనిన బాలుడు నడుమ ‘ఈజ్’ అను పదమును చేర్ప మఱచెనేని, ఉపాధ్యాయుడు తత్క్షణమే ఎఱ్ఱసిరాతో దానిని దిద్దును. ఒక భాషయందు దోషమైనది వేఱొక భాషయందు సహజ మగుటకు హేతువేమి? ఉద్దేశ్యమును విధేయముతో ముడివెట్టు ఈ చిన్నిక్రియ, అనగా సంధానక్రియ, మానవభాషకు పుట్టుకతో వచ్చినదా, నడుమ వచ్చి చేరినదా యను ప్రశ్నకు భాషల చరిత్రయందే సమాధానము వెదకవలసియున్నది.

ఈ విచారణ చేసిన ప్రాచీనులలో మన శాబ్దికులు గణ్యులు. యాస్కుడు నిరుక్తమునందు వార్ష్యాయణి మతము నుదాహరించుచు, పుట్టుట, ఉండుట, మాఱుట, పెరుగుట, తఱుగుట, నశించుట యని భావవికారముల నాఱింటిని లెక్కించి, ఉండుటను సైతము క్రియగనే పరిగణించెను. పిమ్మట కాత్యాయనుడు, వేఱు క్రియ వినబడని చోట ‘అస్తి’ యను వర్తమాన ప్రథమపురుషరూపము ప్రయోగింపబడకున్నను ఉన్నట్లే గ్రహింపదగునని వార్తికమున నిర్ణయించెను. పలుకకున్నను క్రియ యున్నదనుటయే ఆయన మతము.

పశ్చిమమున అరిస్టాటిలు సత్యాసత్య నిర్ణయమునకు తగిన ప్రతివాక్యమునందును క్రియ యుండితీరవలెనని విధించెను. 12వ శతాబ్దమున ఫ్రాన్సుదేశపు తార్కికుడైన అబెలార్డు వాక్యమందలి ఈ ముడిని, లాటినున బంధమను నర్థము గల ‘కోపులా’ పదముతో వ్యవహరించెను. అంతకు రెండు శతాబ్దములకు ముందే, క్రీ. శ. 950లో గతించిన తత్త్వవేత్త అల్‌ఫారాబీ ఈ విషయమున నొక చిక్కును గుర్తించియుండెను. గ్రీకుతర్కమును అరబ్బీలోనికి తేబోయిన అనువాదకులకు, వర్తమానమున అట్టి క్రియయే లేని ఆ భాషయందు సమానపదము దొరకక, ‘అతడు’ అను నర్థము గల ‘హువ’ను గాని, ‘దొరకినది’ యను నర్థము గల ‘మౌజూద్’ను గాని ఆశ్రయింపవలసి వచ్చెను. తర్కశాస్త్రము విశ్వజనీన మనుకొన్న దానిలో నొక భాగము గ్రీకువ్యాకరణమే యని ఈ యిబ్బందివలన తేటపడుచున్నది.

19వ శతాబ్దమునుండి భాషలను సరిపోల్చి చూడనేర్చిన పండితులు, ఈ క్రియల పుట్టుపూర్వోత్తరములను బయలుపఱచిరి. ఆంగ్లమున నొక్కక్రియగా కనబడునది నిజమునకు మూడు ధాతువుల అతుకు. ‘ఈజ్’ అనునది మన ‘అస్తిత్వము’లోని ‘అస్’ ధాతువునకును, ‘బీ’ యనునది ‘భవనము’లోని ‘భూ’ ధాతువునకును, ‘వాజ్’ అనునది ‘నివాసము’లోని ‘వస్’ ధాతువునకును తోబుట్టువులు. స్పానిషుభాషయం దిట్టి క్రియలు రెండు గలవు: ‘ఎస్తార్’ అనునది నిలుచుట యను నర్థము గల లాటినుధాతువునుండి, అనగా మన ‘స్థితి’కి చుట్టమైన దానినుండి పుట్టినది, ‘సేర్’ అనుదానిలో కూర్చుండుట యను నర్థము గల క్రియయు కలిసిపోయినది. కాయ పచ్చనిదనుటలో రంగును తెలుపుటకు ‘సేర్’, ఇంకను పండలేదని తెలుపుటకు ‘ఎస్తార్’ వాడుదురు. తురుష్కభాషయందలి ‘దిర్’ ప్రత్యయముకూడ నిలుచుట యను క్రియకు అరుగుదలయే.

చీనాభాష మఱియొక త్రోవ త్రొక్కినది. నేడు ‘షి’ యని పలుకబడు పదమునకు ప్రాచీనకాలమున ‘ఇది’ యని యర్థము. ‘సత్యము పలుకుట, ఇది ధర్మము’ అను తీరున పలుమాఱు పలుకగా పలుకగా, నడుమనున్న సర్వనామమే ముడిగా మాఱి, హాన్ రాజుల కాలమునాటికే సంధానపదముగా కానవచ్చినది. ఉన్నదానిని పోగొట్టుకొన్న భాషలును లేకపోలేదు. పూర్వము పురుషభేదము గల సంధానక్రియ నెఱిగిన రష్యనుభాష, నేడు వర్తమానమున దానిని విడిచి, భూతభవిష్యత్కాలములందు మాత్రము నిలుపుకొన్నది. కావున ఈ క్రియ భాషలలో పుట్టుచు, అరుగుచు, మరల పుట్టుచున్నదనుట యుక్తము. 1906లో మేయే, 1950లో బెన్వెనిస్తు అను ఫ్రెంచిపండితులు క్రియారహిత వాక్యమును ప్రత్యేకముగా పరిశీలించిరి. అది క్రియ జాఱిపోయిన శిథిలవాక్యము కాదనియు, కాలముతో పనిలేని నిర్ణయమును చెప్పుటకు తగిన స్వతంత్రరచన యనియు బెన్వెనిస్తు సిద్ధాంతము.

మన ద్రావిడకుటుంబమున నీ విషయము మిక్కిలి రసవంతము. ‘నేను తెలుగువాడను, నీవు తెలుగువాడవు, మేము తెలుగువారము’ అనునపుడు పురుషభేదమును తెలుపు ప్రత్యయము నామమునకే అంటుకొనుచున్నది. క్రియ చేయవలసిన పనిని నామమే చేసికొనుచున్నది. ప్రాచీన తమిళమునను ఇట్టి రూపములుండగా, ఆ వైయాకరణులు వానిని ‘కుఱిప్పువినై’ యని క్రియలలోనే చేర్చిరి. నేటి తమిళము విడిచిన యీ సంపదను తెలుగు ‘తెలుగువాణ్ణి, తెలుగువాడివి’ యని వాడుకమాటలయందును కాపాడుకొన్నది. మలయాళమో, మన ‘అగు’ ధాతువునకు సోదరమైన దానినుండి ‘ఆణ్’ అను సంధానక్రియను చేసికొని, ‘ఇది పుస్తకము’ అనుటకును దానిని వాడుచున్నది. ఒక్కతల్లి బిడ్డలే వేర్వేఱు దారులు పట్టిరి.

స్పానిషువారు రెండుక్రియలతో సాధించిన భేదము మనకును తెలియనిది కాదు. ‘ఈ మామిడి పుల్లనిది’ యనిన చెట్టుగుణమును, ‘ఈ మామిడి పుల్లగా నున్నది’ యనిన నాలుకకు తగిలిన రుచిని చెప్పినట్లగును. 1843లో మిల్లు అను ఆంగ్లతార్కికుడు, సంధానమును అస్తిత్వమును ఒకే పదము తెలుపుటవలన తత్త్వవేత్తలు సైతము భ్రమపడిరని వ్రాసెను. తెలుగున నా భ్రమకు తావు తక్కువ: ‘అది పాము కాదు’ అనునది వేఱు, ‘అక్కడ పాము లేదు’ అనునది వేఱు. మొదటిమాట విన్నవాడు త్రాడును చూచి నవ్వును. రెండవది విన్నవాడు పామెటుపోయెనో యని కాళ్లక్రింద చూచుకొనును.

ఇట్లుండగా, అనువాదములయందును దస్తావేజులయందును ‘అయియున్నాడు, అయియున్నది’ యని ప్రతివాక్యమునకును తోక తగిలించుట, లేనిలోటును పూడ్చబోవుటయే. తెలుగున సంధానక్రియ లేకపోలేదు. ‘వైద్యుడు’ అనునపుడు మూగవోయిన ‘అగు’ ధాతువే ‘వైద్యుడు కాదు’ అనునపుడు నోరు విప్పుచున్నది. ‘వైద్యుడైనచో’, ‘వైద్యుడు కావలెను’ అనునపుడును తలయెత్తుచున్నది. ముడి బిగిసియున్నంతవఱకు మన భాష దానిని పేర్కొనదు. ముడి వీడినప్పుడో, ఇంకను పడనప్పుడో మాత్రమే పేర్కొనును.