పండ్ల టార్టు, ఊరి బట్టీ

గోధుమపిండిని వెన్నతో కలిపి, అప్పడమువలె వత్తి, దానిపై పండ్లముక్కలు పేర్చి బట్టీలో కాల్చిన వంటకమును ఐరోపావారు టార్టు అందురు. పట్టణపు మిఠాయి అంగళ్లలో అది అంచులు తీర్చిన రేకుపళ్లెములలో అద్దమువలె మెరయుచు కానవచ్చును. కాని ఫ్రాన్సుదేశపు పల్లెలలో దానికొక మోటు తోబుట్టువు కలదు. దానికి అచ్చు లేదు, పళ్లెము లేదు. వత్తిన పిండి నడుమ ఆపిలు ముక్కలో, ప్లమ్ పండ్లో పేర్చి, చుట్టును మూడు వ్రేళ్ల మేర విడిచిన అంచును పండ్లపైకి మడతలుగా మడిచెదరు. మన గృహిణులు కజ్జికాయ అంచు మడుచుట వంటిదే ఇదియును. కాని నడుమ భాగము తెరచియే యుండును. దీని పేరు గలెట్.

ఇంత సులువైన వంటకమునకు చరిత్ర యేమి యుండునని శ్రోతలు అడుగవచ్చును. పిండి ఇంటిది, పండ్లు పెరటివి, వెన్న పాడిది. మరి బట్టీ ఎవరిది? ఈ ప్రశ్నలోనే చరిత్ర యంతయు ఇమిడియున్నది.

మధ్యయుగములలో ఫ్రెంచి రైతునకు పెక్కుచోట్ల తన రొట్టెను తన యింట కాల్చుకొను హక్కు లేకుండెను. పిండిమర, బట్టీ, ద్రాక్షగానుగ ఈ మూడును ప్రభువు సొత్తు. ఊరివారు ఆయన బట్టీకే పిండి మోసికొనిపోయి, కాల్చుకొని, సుంకము చెల్లింపవలెను. ఆ సుంకము తరచుగా పిండిలోనో రొట్టెలలోనో ఒక పాలుగా ఉండెడిది. దీనినే ఫూర్ బనాల్, అనగా నిర్బంధపు బట్టీ అనిరి. పూరిండ్ల నడుమ ఇంటింట బట్టీ రాజుట అపాయమన్నమాట నిజమే. ఒక బట్టీతో ఊరంతటికి కట్టెలు ఆదాయగుననుటయు నిజమే. అయినను ఆ నియమమువలన లాభము మాత్రము ప్రభువునకే చేరుచుండెను.

ఆ బట్టీ పనితీరు తెలిసినచో గలెట్ పుట్టుక బోధపడును. అది రాళ్లతోనో ఇటుకలతోనో గుమ్మటమువలె కట్టిన అర. లోపలనే కట్టెలు మండించి, నిప్పులు వెలికి లాగి, కర్రకు కట్టిన తడిగుడ్డతో నేల తుడిచి, గోడలలో నిలిచిన వేడితో రొట్టెలు కాల్చెదరు. మొదట వేడి తీవ్రముగా ఉండును. అప్పుడు పలుచని పిండిరేకును లోనికి త్రోసి వేడిని పరీక్షింతురు. వేడి తగ్గిన పిదప పెద్దరొట్టెల వంతు. అవి వెలికి వచ్చిన తరువాత మిగిలిన వేడిలో పండ్ల టార్టులు కాల్చుకొనవచ్చును. ఇంకను చల్లారుచుండగా శీతకాలమునకై పండ్లను ఎండబెట్టుకొనవచ్చును. కావున మోటు టార్టు మిగిలిన పిండికి, మిగిలిన వేడికి తగిన వంట. పళ్లెము లేని యింట మడిచిన అంచే పళ్లెమైనది.

పిండియే పాత్ర యగుట సంపన్నుల వంటయిండ్లలోను ఉండెను. 14వ శతాబ్ది చివరిభాగమునకు చెందిన ఒక ఆంగ్ల పాకవిధిలో ఆపిలుపండ్లు, బేరిపండ్లు, అత్తిపండ్లు, ఎండుద్రాక్ష, సుగంధద్రవ్యములు, కుంకుమపువ్వు కలిపి పిండిపెట్టెలో కాల్చుమని కలదు. అందు చక్కెర ఊసే లేదు.

1789 ఆగస్టు 4వ తేదీ రాత్రి ఫ్రెంచి జాతీయసభ ప్రభువుల ప్రత్యేకహక్కులను రద్దుచేయుటకు నిశ్చయించినది. అయినను కొన్ని హక్కులకు పరిహారము కోరు మెలిక మిగిలియుండెను. 1793 జూలై 17వ నాటి శాసనము ఆ మెలికనుకూడ తెగగొట్టినది. నిర్బంధము తొలగిన పిమ్మటను పెక్కు గ్రామములు ఉమ్మడి బట్టీని నిలుపుకొన్నవి. కాని అది ఇక ఇష్టముతో నిలుపుకొన్నది.

19వ శతాబ్దిలో పోత ఇనుప పొయ్యిలు వ్యాపించి, కాల్చు అర వంటయింటికే వచ్చినది. అది లేనివారికి మరియొక ఉపాయము కలదు: గిన్నెను నిప్పులపై నుంచి, మూతపైనను నిప్పులు పెట్టుట. ఇది మనకు క్రొత్త కాదు. గోదావరి తీరపు ఇండ్లలో మినపరొట్టెను కుంపటిపై కాల్చునప్పుడు మూతపై నిప్పులు పెట్టు వాడుక ఉండెడిది. ఆ శతాబ్ది చివర లామోత్ బెవ్రోన్ అను ఊరిలో పూటకూటి సత్రము నడపిన స్టెఫానీ, కరోలీన్ తాతేన్ అను అక్కచెల్లెండ్రు ఆపిలు టార్టును తలక్రిందుగా కాల్చి పేరుపొందిరి. పొరపాటున పండ్లను ముందు పెట్టి, పిండిని తరువాత కప్పుటచే అది పుట్టినదన్న కథ ప్రచారములో ఉన్నది. కాని అట్టి తలక్రిందు టార్టులు ఆ సీమలో అంతకుముందే కలవు. పల్లెవంటకు పేరు వచ్చినప్పుడు పొరపాటు కథ పుట్టుట లోకసహజము. తరతరముల నేర్పు కంటె ఒకనాటి పొరపాటు చెప్పుకొనుటకు సొగసుగా ఉండును గదా!

నేడు విద్యుత్తుతో పనిచేయు ఓవెన్ గల గృహిణి దీనిని తానే చేసికొనవచ్చును. పిండికి సగము తూకము చల్లని వెన్న తీసికొని, ఉప్పు చేర్చి, పొడిపొడిగా నలిపి, చల్లని నీటితో ముద్దచేసి అరగంట ఉంచవలెను. వెన్న కరగినచో పొరలు రావు. వత్తిన పిండిపై చెంచాడు బొంబాయిరవ్వ చల్లినచో పండ్లరసమును అది పీల్చుకొనును. పండ్లు పేర్చి, చక్కెర చల్లి, అంచు మడిచి, 200 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో సుమారు 40 నిమిషములు కాల్చవలెను. అంచు వంకరగా వచ్చినను దిగులుపడ నక్కరలేదు. పళ్లెము లేక, తనదను బట్టీ లేక, అయినను బిడ్డలకు తీపి పెట్టవలెనని తలచిన తల్లుల చేతిగుర్తు ఆ వంకరలోనే ఉన్నది.