వరం ఖరీదు

మన కథల్లో మంత్రశక్తి ఎవరికీ ఊరికే దక్కదు. దక్కినవాణ్ణి ఊరికే వదలదు కూడా. భస్మాసురుణ్ణే చూడండి! ఎవరి నెత్తిన చెయ్యి పెడితే వాళ్లు బూడిదైపోవాలని కోరి కోరి వరం తెచ్చుకున్నాడు. ఆ చెయ్యి ముందు వరమిచ్చిన శివుడి మీదికే లేచింది. చివరికి మోహిని ఆటలో పడి తన నెత్తి మీదే వాలింది.

1951లో వచ్చిన విజయావారి ‘పాతాళ భైరవి’లో నేపాళ మాంత్రికుడి కథా అంతే. సాహసవంతుడైన కుర్రవాణ్ణి అమ్మవారికి బలిచ్చి, అడిగిందల్లా ఇచ్చే ప్రతిమను కాజేద్దామనుకున్నాడు. తానే బలైపోయాడు. శిష్యుడు బతికిస్తే బుద్ధి తెచ్చుకున్నాడా? ఊహూఁ! మళ్లీ ఆ ప్రతిమ వెంటే పడ్డాడు. శక్తి చవి మరిగినవాడికి పోయిన ప్రాణం తిరిగొచ్చినా ఆశ చావదన్నమాట.

కథల్లో ఈ ఖరీదు శక్తి ఉన్నవాడే కట్టుకుంటాడు. అందుకే అవి చూసి హాయిగా నిద్రపోగలం. చరిత్రలోకి వస్తే మాత్రం లెక్క తారుమారవుతుంది. 1692లో అమెరికాలోని సేలంలో మంత్రవిద్య నేరం మోపి 19 మందిని ఉరితీశారు. నిజంగా మంత్రాలు వచ్చినవాళ్లు ఉరితాడు దాకా ఎందుకొస్తారన్న చిన్న సందేహం ఆ న్యాయమూర్తులకు రాలేదు!

ఎప్పటిదో, ఎక్కడిదో అని ఊపిరి పీల్చుకోకండి. మన శామీర్‌పేట సంగతి వినండి. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉన్నదక్కడే. 2021లో దేశమంతా వేసుకున్న కోవాగ్జిన్ టీకా పుట్టిన జీనోమ్ వ్యాలీ కూడా ఆ చుట్టుపక్కలే. ఆ శామీర్‌పేట ప్రాంతంలోనే, అద్రాస్‌పల్లిలో, 2019 సెప్టెంబరులో జబ్బుపడిన ఒక ఇల్లాలు కన్నుమూసింది. బాణామతి చేశాడన్న అనుమానంతో ఆ ఊరి యువకుణ్ణొకణ్ణి చంపి, ఆమె చితిమీదే కాల్చేశారు.

ఆ చితి దగ్గర నిజంగా శక్తి ఉన్నది ఎవరికి? ఆ కుర్రవాడికి కాదు, అనుమానానికి. భస్మాసురుడి వరం దానికి దక్కింది. ఎవరి నెత్తిన చెయ్యి పెడితే వాళ్లు బూడిదే! పైగా దాన్ని ఆడించి ఓడించడానికి ఏ మోహినీ దిగిరాదు.

ఇంట్లో బిడ్డకు జ్వరమొస్తే “ఎవరి కళ్లు పడ్డాయో, ఎవరేం చేశారో!” అంటాం. మనం మామూలుగా అనేసే మాటే అది. వీధిలోకి వెళ్లాక దానికి ఒక మనిషి పేరు తగులుకుంటుంది. ఆ పేరు తగులుకోకముందే, మన గడప లోపలే ఆ మాటను ఆపేసి, బిడ్డను దవాఖానాకు తీసుకెళ్లడం మన చేతిలో పనే కదా!