పెట్టెలోకి కొత్త రాణి వచ్చిన కథ



మీ తేనెపెట్టెలో రాణి ఈగ చచ్చిపోయినదనుకోండి. మీరు డబ్బు పెట్టి మంచి రాణిని తెప్పించి, ఆ పెట్టెలో వదిలినారు. మరునాడు మూత తీసి చూస్తే కొత్త రాణి చచ్చి అడుగు పలకమీద పడి ఉన్నది. చంపినది ఎవరు? చీమ కాదు, తొండ కాదు. రాణి లేక అల్లాడుతున్న ఆ ఈగలే చంపినవి. రాణి లేకుంటే తమ కుటుంబమే నిలవదు గదా, అట్లాంటప్పుడు ఇంటికి వచ్చిన రాణిని ఎందుకు చంపవలె? ఈ చిక్కు విడదీయడానికి మనుషులకు నూరేండ్లకు పైగా పట్టినది. ఆ కథే ఈనాడు మీకు చెప్పదలచినది.

బనగానపల్లె రైతుకు దీనితో ఏమి పని అని అడుగవచ్చును. పొద్దుతిరుగుడు వేసినవారికి తెలుసు: పూత కాలంలో పొద్దున్నే మెత్తని గుడ్డ చేతికి చుట్టుకొని పువ్వు పువ్వునూ నిమురుతూ పోవలె. లేకుంటే గింజ తాలు పోతుంది. ఆ గుడ్డ చేసే పనిని తేనెటీగ అంతకన్న బాగా చేస్తుంది, కూలి అడుగదు. ఎకరాకు రెండు పెట్టెలు పెట్టుకొమ్మని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. కాని పెట్టె అంటే చెక్క కాదు, లోపలి కుటుంబం. కుటుంబమంటే రాణి. కూలి ఈగ పని ముమ్మరంలో ఆరు వారాలకన్న బ్రతుకదు. రాణి రోజూ గుడ్లు పెట్టుతూ ఉంటేనే చచ్చిన వాటికి బదులు కొత్తవి వస్తాయి. రాణి పోయిన పెట్టె రెండు మూడు నెలలలో ఉత్త చెక్కపెట్టెగా మిగులుతుంది.

మన సీమకు తేనె కొత్త కాదు. తూర్పున నల్లమలలో చెంచులు తరతరాలుగా చరియలనుండి, మహావృక్షాలనుండి తేనె దించుచున్నారు. అది కొండతేనె. ఆ ఈగ పెట్టెలో కాపురం చేయదు. పుట్టలలోను, చెట్టు తొర్రలలోను నాలుగైదు పట్లు వరుసగా కట్టే చిన్న ఈగ మరొకటి ఉన్నది. అది పుట్టతేనె ఈగ. పెట్టెలో నిలిచేది ఇదే.

రాణిని రాణి అని గుర్తించడమే ఆలస్యంగా జరిగినది. పూర్వం యూరపులో దానిని రాజు అనుకొన్నారు. గుంపును ఏలేది మగదే అయి ఉండవలెనని వారి నమ్మకం. 1586లో స్పెయిను దేశస్థుడు మెండెజ్ దె టోరెస్ అది గుడ్లు పెట్టే ఆడదని వ్రాసినాడు. 1609లో ఇంగ్లాండులో చార్లెస్ బట్లర్ తన పుస్తకానికి ‘ఆడవారి రాజ్యం’ అనే అర్థం వచ్చే పేరే పెట్టినాడు.

అసలు ముడి విప్పినవాడు స్విట్జర్లాండు దేశపు ఫ్రాంస్వా హ్యూబర్. అతడు వయసులోనే చూపు పోగొట్టుకొన్నవాడు. బర్నెన్స్ అనే నౌకరు చూసి చెప్పుతూ ఉంటే, ఇతడు ప్రశ్నలు వేస్తూ, ఇది చెయ్యి, అది చెయ్యి అని పరీక్షలు చేయించినాడు. కండ్లు ఒకరివి, బుద్ధి ఒకరిది. 1792లో వెలువడిన అతని పుస్తకంలో మనకు పనికివచ్చే పరీక్ష ఒకటి ఉన్నది. పెట్టెలోనుండి రాణిని తీసి, వెంటనే పరాయి రాణిని పెట్టితే, ఈగలు ఆమెను చుట్టుముట్టి నిర్బంధించినవి. అట్లు చిక్కిన రాణి చాలాసార్లు చచ్చేది. అదే ఇరవై నాలుగు గంటలు ఆగి పెట్టితే, ఆమెను రాణిగానే ఆదరించినవి.

చూచినారా, రాణి అదే, ఈగలు అవే. తేడా ఒక్క రోజుది. ఆ ఒక్క రోజులో ఏమి జరిగినది?

పాత రాణి వాసన పోయినది. ఈ మాట హ్యూబర్ నాటికి ఎవరికీ స్పష్టంగా తెలియదు. 1954లో ఇంగ్లాండులోని రాథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో కాలిన్ బట్లర్ అనే శాస్త్రజ్ఞుడు దీనిని విప్పి చెప్పినాడు. మొదటి బట్లరుకూ ఈయనకూ ఇంటిపేరు ఒకటే కావడం వింత! రాణి ఒంటిమీద ఒక పదార్థం ఊరుతుంది. చుట్టూ ఉన్న ఈగలు దానిని నాకి, పెట్టె అంతటికీ పంచుతాయి. అది అందుతున్నంతసేపు మా రాణి ఉన్నది అని వాటికి ధైర్యం. అది ఆగిన కొద్ది గంటలకే కలవరం మొదలవుతుంది. 1960 ప్రాంతంలో ఆ పదార్థంలోని ముఖ్యమైన రసాయనాన్ని కూడా కనుగొన్నారు. పాత వాసన ఇంకా ఆరకముందే వేరే వాసనతో వచ్చినది వాటికి రాణి కాదు, దొంగ. దానిచుట్టూ ముద్ద కట్టి, వేడితోను కాట్లతోను చంపుతాయి.

శాస్త్రం కారణం చెప్పకముందే పనివారు ఉపాయం కనిపెట్టినారు. 1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్, పట్టుకు పట్టుకు నడుమ ఈగ నడిచేటంత సందు విడిచిపెట్టితే పట్లు ఒకదానికొకటి అతుక్కోవని గ్రహించి, ఊడదీసే చట్రాల పెట్టె చేసినాడు. అప్పటినుండి పట్టు కోయకుండానే రాణిని వెదకి తీయడానికి, మార్చడానికి వీలైనది. తర్వాత వచ్చినది రాణి పంజరం. ఫ్రాంక్ బెంటన్ అనే అమెరికావాడు 1880, 1881 సంవత్సరాలలో కొండతేనె ఈగను పట్టుకొని పోవలెనని సింహళం, ఇండియా, జావా తిరిగినాడు. ఆ ఈగ అతనికి లొంగలేదు. కాని రాణిని టపాలో పంపడానికి అతడు చేసిన చెక్క పంజరం ప్రపంచమంతా వాడుకకు వచ్చినది. చిన్న చెక్కముక్కలో మూడు గుంటలు, పైన వలజల్లెడ, ఒక గుంటలో తేనెతో పిసికిన చక్కెర ముద్ద. పెట్టెలో ఉంచితే ఈగలు ఆ ముద్దను బయటినుండి మెల్లగా తినుకుంటూ రెండు మూడు రోజులకు రాణి దగ్గరకు చేరుతాయి. ఈలోగా జల్లెడ సందులలోనుండి వాసన కలిసిపోతుంది. హ్యూబర్ చెప్పిన ఓపికను చక్కెర ముద్దగా మార్చినారన్నమాట.

మన దక్షిణాదికి పెట్టె తెచ్చినవారు తిరుచునాపల్లిలోని ఫాదర్ న్యూటన్. 1911 మొదలు 1917 దాక ఆయన పలువురికి తేనెటీగల పెంపకం నేర్పి, మన చిన్న ఈగకు తగిన చిన్న పెట్టెను రూపొందించినారు. నేటికీ దానిని న్యూటన్ పెట్టె అనే అంటారు. అప్పటికి బనగానపల్లె నవాబుగారి సంస్థానం.

ఇక మన దేశంలో జరిగిన పెద్ద సంగతికి వస్తాను. యూరపు ఈగ, అంటే మెల్లిఫెరా, తేనె ఎక్కువ ఇస్తుందని ఇంగ్లీషువారి కాలంనుండి దానిని తేవాలని చూచినారు. నిలువలేదు. 1962లో పంజాబు వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టర్ అత్వాల్, ఆయన తోటివారు నగ్రోటా బగ్వాన్‌లో ఒక పని చేసినారు. ఆ ఊరు అప్పుడు పంజాబులో ఉండేది, నేడు హిమాచల ప్రదేశ్‌లో ఉన్నది. వారు తెప్పించిన మెల్లిఫెరా రాణులను మన దేశపు ఈగల కుటుంబాలలోనే ప్రవేశపెట్టినారు. ఒక జాతి రాణి, వేరొక జాతి ఈగలు! సొంత జాతి పరాయి రాణినే చంపే ఈగలు, జాతే వేరైన రాణిని ఒప్పుకొని, ఆమె పిల్లలను సాకినవి. గుడ్డు కూలి ఈగ కావడానికి ఇరవైయొక్క రోజులు. పాత ఈగలు ఒక్కొక్కటే రాలిపోతాయి, కొత్తవి పుట్టుతూ ఉంటాయి. నెలలు గడిచేసరికి పెట్టె పూర్తిగా మెల్లిఫెరాదే. నేడు లారీలమీద పూలను వెతుక్కుంటూ తిరిగే పెట్టెలకు మొదలు అక్కడ ఉన్నది.

ఇందులో నాకు సంతోషమూ ఉన్నది, కొంత దిగులూ ఉన్నది. సాకిన కుటుంబం మాత్రం మిగలలేదు గదా. 1991, 1992 సంవత్సరాలలో థాయి శాక్‌బ్రూడ్ అనే పిల్లరోగం దక్షిణాదిలో మన ఈగను తుడిచిపెట్టినంత పని చేసినది. ఆ తర్వాత పెంపకందార్లు చాలామంది మెల్లిఫెరావైపు తిరిగినారు. కాని వరోవా అనే నల్లి మన ఈగకు పాత చుట్టం. మన ఈగ దానిని దులుపుకొని బ్రతుకుతుంది. మెల్లిఫెరాకు ఆ విద్య తక్కువ, మందు కావలె. అందుచేత పుట్టతేనె పెట్టె ఉన్న రైతు దానిలో మెల్లిఫెరా రాణిని పెట్టి చూస్తానంటే నేను వద్దంటాను. అది 1962 నాటి అవసరం. మెల్లిఫెరా కావలెనంటే ఆ పెట్టెలే దొరుకుతున్నవి.

ఇప్పుడు మీ పెట్టె దగ్గరకు రండి. మూత తీయగానే ఈగలు హోరుమని ఏడ్చినట్టు మోగుతూ, గదులలో గుడ్డు కనబడకుంటే రాణి లేదని అనుమానించండి. ముసలి రాణిని మార్చదలిస్తే ముందురోజే తీసివేయండి. ఈగలు కట్టుకొన్న రాణి గదులు ఉంటే ఒక్కటి కూడా విడువకుండా చిదిమివేయండి. పంజరంలో రాణి వెంట వచ్చిన ఈగలను తీసివేసి, ఆమెను మాత్రమే ఉంచండి. చక్కెర ముద్దకు మీ పెట్టె తేనెనే వాడండి. కొన్న తేనెతో రోగం రావచ్చును. సాయంత్రంపూట, పిల్లలున్న రెండు చట్రాల నడుమ పంజరాన్ని దిగవేయండి. పూలు లేని కాలమైతే చక్కెర, నీళ్ళు సమంగా కలిపి పాకం పెట్టండి. ఆకలిగొన్న ఇల్లు పరాయిదానిని ఒప్పుకోదు.

ఒక్కో గదిలో రెండు మూడు గుడ్లు, ఉబ్బెత్తు మూతల పోతుటీగల గదులు కనిపిస్తే కూలి ఈగలే గుడ్లు పెట్టుచున్నవని అర్థం. ఆ పెట్టెకు రాణిని ఇవ్వడం డబ్బు దండుగ. దానిని రాణి ఉన్న పెట్టెపైన, నడుమ పాత దినపత్రిక కాగితం పరచి కలపండి. కాగితం కొరికేలోగా వాసనలు కలుస్తాయి.

మామిడి తోటవారికి మరొక మాట. పూతమీద తేనెమంచు పురుగుకు మందు కొట్టే రోజులలో కొత్త రాణిని పెట్టకండి. మేతకు పోయిన ఈగలు తిరిగి రాకుంటే రాణి ఉండి ఏమి లాభం?

పంజరం దించిన మూడవనాడు మెల్లగా చూడండి. పంజరంమీది ఈగలను వ్రేలితో తోస్తే తేలికగా జరిగితే ఒప్పుకొన్నట్లే. జల్లెడను కరచిపట్టుకొని కదలకుంటే ఇంకా కోపం తీరలేదు. మూత వేసి రెండు రోజులు ఆగండి. రాణి బయటికి వచ్చిన తర్వాత వారందాక పెట్టె విప్పవద్దు. వారమైన తర్వాత వెలుతురుకు ఎదురుగా పట్టు ఎత్తి, గది అడుగున సన్నని తెల్లని గుడ్డు నిలబడి ఉన్నదేమో చూసుకోండి.