కంప్యూటర్ నిల్వ సాధనాలు: పేర్ల వెనుక చరిత్ర

విండోస్ కంప్యూటర్ తెరిచిన ప్రతిసారీ మీరు ‘సి’ డ్రైవ్‌ను చూస్తూనే ఉంటారు. మరి ‘ఎ’, ‘బి’ డ్రైవ్‌లు ఏమైనట్లు? 1981లో ఐబీఎం పర్సనల్ కంప్యూటర్ మార్కెట్లోకి వచ్చినప్పుడు అందులో హార్డ్ డిస్క్ లేదు. ఒకటి లేదా రెండు ఫ్లాపీ డ్రైవ్‌లు ఉండేవి. వాటికి ‘ఎ’, ‘బి’ అని పేర్లు. 1983లో వచ్చిన ఎక్స్‌టీ నమూనాలో 10 మెగాబైట్ల హార్డ్ డిస్క్ అమర్చారు. దానికి తరువాతి అక్షరమైన ‘సి’ దక్కింది. ఫ్లాపీలు కనుమరుగైనా వాటి అక్షరాలను ఖాళీగానే ఉంచారు. చరిత్ర విద్యార్థికి ఇలాంటి ఖాళీలు శాసనంలో చెరిగిపోయిన పంక్తుల వంటివి. అక్కడ ఏముండేదో వెతకాలి.

హార్డ్ డిస్క్ చరిత్ర 1956లో మొదలవుతుంది. అమెరికాలోని శాన్ హోసేలో రేనాల్డ్ జాన్సన్ నాయకత్వంలో ఐబీఎం ఇంజనీర్లు ‘రామాక్’ అనే యంత్రానికి డిస్క్ నిల్వను రూపొందించారు. 24 అంగుళాల వ్యాసం గల 50 పళ్లేలు ఒకే ఇరుసు మీద తిరిగేవి. ఇంత చేసీ అది దాచగలిగింది 50 లక్షల అక్షరాలు మాత్రమే. నేటి సెల్‌ఫోన్‌లో తీసిన ఒక్క ఫొటోకు చాలీచాలని చోటు. అయినా దాని విలువను పరిమాణంతో కొలవరాదు. అంతకు ముందు సమాచారమంతా చిల్లుల కార్డుల మీద, అయస్కాంత టేపుల మీద ఉండేది. ఒక ఖాతాదారు వివరం కావాలంటే వరుసగా వెతుక్కుంటూ పోవలసిందే. డిస్క్ మీద కావలసిన చోటికి నేరుగా చేరవచ్చు. ఈ పాఠంలో ఒక్క విషయమే గుర్తుంచుకోదలిస్తే ఇది గుర్తుంచుకోండి, సంవత్సరాలు కాదు.

అప్పట్లో దాన్ని ఎవరూ ‘హార్డ్’ అనలేదు, డిస్క్ అనే అన్నారు. 1971లో ఐబీఎం 8 అంగుళాల మెత్తని ప్లాస్టిక్ డిస్క్‌ను తెచ్చిన తరువాతే, వంగేదాన్ని ఫ్లాపీ అనీ, వంగనిదాన్ని హార్డ్ అనీ వేరు చేయవలసి వచ్చింది. సెల్‌ఫోన్ వచ్చాకే పాత ఫోన్ ‘ల్యాండ్‌లైన్’ అయినట్లన్నమాట. తరువాత ఫ్లాపీ 5.25 అంగుళాలకు, ఆపై 3.5 అంగుళాలకు తగ్గింది. ఈ చివరిది గట్టి ప్లాస్టిక్ పెట్టెలో ఉండేది కనుక వంగేది కాదు, అయినా పేరు మారలేదు. ‘సేవ్’ గుర్తుగా నేటికీ కనిపించే బొమ్మ దానిదే.

ఇక మెమరీ సంగతి. ఫోన్‌లో ఫొటోలు నిండితే ‘మెమరీ ఫుల్’ అంటాం. నిజానికి నిండినది స్టోరేజి. మెమరీ, అంటే ర్యామ్, పని జరుగుతున్నంతసేపు వాడుకునే బల్ల వంటిది, స్టోరేజి బీరువా. ఈ గందరగోళానికి చరిత్రలో కొంత కారణముంది. 1950లు, 60లలో మెమరీ అంటే తీగలకు పూసల్లా గుచ్చిన చిన్న ఫెర్రైట్ ఉంగరాలు. అయస్కాంత దిశ ఒకవైపుంటే 1, రెండోవైపుంటే 0. కరెంటు పోయినా ఆ దిశ చెరగదు. బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్‌లో తయారైన టిఫ్రాక్‌లో ఇటువంటి మెమరీయే ఉండేది. హైదరాబాదులోని ఈసీఐఎల్ 1969లో టీడీసీ-12 కంప్యూటర్‌ను తెచ్చేనాటికి ప్రపంచమంతటా ఈ పద్ధతిదే రాజ్యం. మరుసటి ఏడాదే ఇంటెల్ 1103 చిప్ విడుదలైంది. చౌక, చిన్నది, కాని అందులోని విద్యుదావేశాన్ని క్షణక్షణం నింపుతూ ఉండాలి. కరెంటు ఆగితే అంతా ఖాళీ. రెండు గంటలు టైపు చేసిన అసైన్‌మెంట్ సేవ్ చేయకముందే కరెంటు పోతే ఏమవుతుందో మీకు వేరే చెప్పనక్కరలేదు.

సీడీల గురించి ఎక్కువ చెప్పను. వాటి కాలం దాదాపు ముగిసింది. ఇప్పటి పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు, ఎస్‌ఎస్‌డీలలో ఉండేది ఫ్లాష్ మెమరీ. 1980లలో జపాన్‌లోని తోషిబా సంస్థలో ఫుజియో మసుఒకా దీన్ని కనుగొన్నారు. ఇందులో తిరిగే భాగాలు లేవు, కరెంటు లేకున్నా సమాచారం నిలుస్తుంది. అయితే బంధించిన ఆవేశం ఏళ్ల తరబడి వాడకుండా పెడితే మెల్లగా కారిపోవచ్చు. కాబట్టి పెళ్లి ఫొటోలకు, సర్టిఫికెట్ల నకళ్లకు పెన్‌డ్రైవ్ ఒక్కటే దిక్కు కాకూడదన్నది నా అభిప్రాయం.

1 టెరాబైట్ డిస్క్ కొని బిగిస్తే విండోస్ 931 జీబీ అని చూపుతుంది. దుకాణదారుణ్ణి అనుమానించకండి. తయారీదారులు వెయ్యేసి చొప్పున లెక్కిస్తారు; విండోస్ 1,024 చొప్పున లెక్కిస్తుంది. ఈ పేచీ తీర్చడానికి 1998లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఈసీ, 1,024 లెక్కకు ‘కిబిబైట్’, ‘మెబిబైట్’ అని కొత్త పేర్లు పెట్టింది. పుస్తకాల్లో ఉన్నాయి గాని, దుకాణంలో ఎవరి నోటా వినబడవు.

బైట్ అంటే ఒక అక్షరం అని కొన్ని పుస్తకాల్లో చదివి ఉంటారు. అది ఇంగ్లీషుకు సరిపోయే లెక్క. నేడు ఎక్కువగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో మన అక్షరానికీ, దానిమీద చేరే గుణింతపు గుర్తుకూ ఒక్కొక్కదానికి 3 బైట్లు పడతాయి. ‘తెలుగు’ అనే మాటలో మూడు హల్లులు, మూడు గుర్తులు. మొత్తం 18 బైట్లు. మీ పేరుకు ఎన్ని బైట్లు అవుతాయో ఇదే పద్ధతిలో లెక్కించి చూడండి. ఒత్తులున్నచోట హలంత గుర్తును కూడా కలపాలి.