నెస్టెడ్ ఇండెక్సింగు

నెస్టెడ్ ఇండెక్సింగు అనగా ఒక వివరంలో మరికొన్ని వివరాలు ఇమిడి ఉన్న సమాచారాన్ని, వాటి మధ్యగల సంబంధం చెడకుండా, సెర్చి ఇంజను సూచికలో చేర్చే పద్ధతి. లూసీన్ అనే ఓపెన్ సోర్సు లైబ్రరీ ఆధారంగా నిర్మించిన సోలర్, ఇలాస్టిక్‌సెర్చ్ ఇంజనులలో ఇది వాడుకలో ఉంది.

నేపథ్యం

సెర్చి ఇంజనుకు ఆయువుపట్టు విలోమ సూచిక. పుస్తకం చివర ఇచ్చే పదసూచికలో ప్రతి పదానికి ఎదురుగా పుటల సంఖ్యలు ఉన్నట్లే, ఇందులో ప్రతి పదానికి ఎదురుగా అది కనిపించే డాక్యుమెంట్ల సంఖ్యలు ఉంటాయి. లూసీన్‌ను డగ్ కటింగ్ 1999లో రూపొందించాడు. 2001లో అది అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషనులో చేరింది. లూసీన్ దృష్టిలో డాక్యుమెంటు అంటే కొన్ని ఫీల్డుల చదునైన జాబితా మాత్రమే. ఒక ఫీల్డుకు ఎన్ని విలువలైనా ఉండవచ్చు గాని, ఫీల్డులో మరో ఫీల్డు ఇమడదు. జేసన్, ఎక్స్ఎమ్ఎల్ రూపాలలో వచ్చే సమాచారమేమో పొరలు పొరలుగా ఉంటుంది. చిక్కంతా ఇక్కడే.

సమస్య

ఒక గ్రంథాలయ సూచికను ఉదాహరణగా తీసుకోవచ్చు. అలెక్స్ హేలీ ఆంగ్ల నవల 'రూట్స్'కు సహవాసి చేసిన తెలుగు అనువాదం 'ఏడు తరాలు'. దీని నమోదులో 'కర్తలు' అనే వివరం కింద రెండు జంటలు ఉంటాయి: పాత్ర రచయిత, పేరు అలెక్స్ హేలీ; పాత్ర అనువాదకుడు, పేరు సహవాసి. దీనిని చదును చేసినపుడు 'పాత్ర' ఫీల్డులో రచయిత, అనువాదకుడు అనే విలువలు ఒకచోట, 'పేరు' ఫీల్డులో ఇద్దరి పేర్లు మరొకచోట చేరతాయి. ఏ పేరు ఏ పాత్రకు చెందినదో తెలిపే ముడి తెగిపోతుంది. అపుడు "అలెక్స్ హేలీ అనువదించిన పుస్తకాలు" అని వెదికినా 'ఏడు తరాలు' ఫలితాలలోకి వస్తుంది. గ్రంథాలయంలో ఇది నవ్వుకొని వదిలేయదగిన పొరపాటే. రోగుల రికార్డులలో అలా కాదు: పెన్సిలిన్ తీవ్రంగా, దుమ్ము స్వల్పంగా పడని రోగి, పెన్సిలిన్ స్వల్పంగా పడనివారి జాబితాలోనూ కనిపిస్తాడు.

పనిచేసే విధానం

ఈ పద్ధతిలో ప్రతి లోపలి అంశమూ విడిగా ఒక లూసీన్ డాక్యుమెంటు అవుతుంది. పిల్ల డాక్యుమెంట్లను వరుసగా రాసి, వాటి వెంటనే, చివరగా, తల్లి డాక్యుమెంటును రాస్తారు. ఈ వరుసను బ్లాకు అంటారు. సూచికలో ఏయే సంఖ్యలు తల్లులవో ఒక బిట్ల పట్టీలో గుర్తించి ఉంటుంది. వెదుకులాటలో ఒక పిల్ల దొరికితే, ఆ సంఖ్య నుండి ముందుకు సాగి పట్టీలో మొదట తగిలే గుర్తే దాని తల్లి. వేరే పట్టికలో వెదకవలసిన పని లేనందున ఇది వేగంగా జరుగుతుంది. ఈ బ్లాకు జాయిన్ సౌకర్యం లూసీన్‌లో 2011లో వచ్చింది.

నిషేధార్థక ప్రశ్నలలో జాగ్రత్త అవసరం. "పేరు సహవాసి కాదు" అనే షరతును లోపలి అంశానికి పెడితే, సహవాసి కాని కర్త ఒక్కరున్నా చాలు కనుక హేలీ పేరు మీద 'ఏడు తరాలు' మళ్ళీ వస్తుంది. సహవాసికి ఏ సంబంధమూ లేని పుస్తకాలే కావాలంటే, షరతు మొత్తాన్ని బయట నిలిచి కాదనాలి. కొత్తగా నేర్చుకొనేవారు తరచు తడబడేది ఇక్కడే.

పరిమితులు

100 లోపలి అంశాలున్న ఒక నమోదు సూచికలో 101 డాక్యుమెంట్లుగా మారుతుంది. ఒక లూసీన్ సూచికలో 2,147,483,519కి మించి డాక్యుమెంట్లు ఉండరాదు; పిల్లలూ ఈ లెక్కలోకే వస్తాయి. ఇలాస్టిక్‌సెర్చ్‌లో ఒక నమోదుకు నెస్టెడ్ అంశాల మొత్తం, మార్చుకొననంతవరకు, 10,000 దాటరాదు.

అంతకంటె పెద్ద ఇబ్బంది సవరణలది. బ్లాకు విడిపోకూడదు కనుక ఒక్క పిల్లలో ఒక్క అక్షరం మారినా బ్లాకు మొత్తాన్ని తిరిగి రాయాలి. లోపలి అంశాలు తరచు మారేచోట, తల్లిని, పిల్లలను వేరువేరుగా భద్రపరచి వెదికేటపుడు జోడించే 'జాయిన్' ఫీల్డును ఇలాస్టిక్‌సెర్చ్ అందిస్తుంది. అందులో సవరణ తేలిక, శోధన నిదానం. ఇక లోపలి విలువలను జంటలుగా వెదికే అవసరమే లేనిచోట చదును చేయడమే మేలు.