పాలమూరు బాటలపై వాయువు

నిజాము ప్రభుత్వ రైల్వే 1932 జూనులో 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించునాటికి గద్వాల, వనపర్తి యింకను సంస్థానములే. రైలు గద్వాల మీదుగా సాగినను వనపర్తి పట్టణమునకు ఎడముగా ‘వనపర్తి రోడ్డు’ అను స్టేషను మాత్రమే మిగిల్చెను. నాగర్‌కర్నూలుకు అదియును దక్కలేదు. కావున ఈ పాలమూరు సీమవారికి సంతకు, కచేరీకి, ఆసుపత్రికి బస్సే దిక్కయ్యెను.

రెండవ ప్రపంచ యుద్ధము వచ్చి, 1941లో పెట్రోలునకు రేషను విధింపబడగా, ప్రభుత్వములు మోటారు యజమానులను బొగ్గు వాయువు వైపు మరల్చినవి. తెలుగునాట వృద్ధులు ‘బొగ్గు బస్సు’ అని చెప్పుకొనునది అదియే. బస్సు వెనుక ఇనుప కొలిమి బిగించి, కట్టెబొగ్గు నింపి, నిప్పు రాజేసి, క్లీనరు చేతితో చక్రము త్రిప్పుచు గాలి కొట్టగా, ఆ గాలి కణకణలాడు బొగ్గుల గుండ పోయి, కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజను కలిసిన మండెడి వాయువై యింజనునకు చేరెడిది. పెట్రోలు ఇచ్చునంత బలము దీనికి లేదు గనుక, ఎత్తు వచ్చినచోట ప్రయాణికులు దిగి నడుచుటయు, ఒక్కొక్కప్పుడు త్రోయుటయు పరిపాటి. అది అవస్థయే, అయినను ఆ యింధనము ఊరి ప్రక్కనే దొరకెడిదన్న సంగతి నాకు మిక్కిలి ముఖ్యముగా తోచుచున్నది.

నేడు వాహనములకు వాడు సహజవాయువు కథ వేరు. అది కోనసీమ భూగర్భమునను, తూర్పుతీరపు సముద్రగర్భమునను దొరకినది. 2009లో కాకినాడ నుండి గుజరాతునకు సాగిన గొట్టపు మార్గము తెలంగాణము మీదుగనే పోయినను, పాలమూరు దానికి దక్షిణమున ఉండిపోయెను. 2003లో ఏర్పడిన భాగ్యనగర్ గ్యాస్ సంస్థ హైదరాబాదు, విజయవాడ వంటి నగరములను చూచుకొనెను. 2006 చట్టముచే నియంత్రణ మండలి యేర్పడి, జిల్లాలను ప్రాంతములుగా కూర్చి, పోటీపై సంస్థలకు వాయు పంపిణీ హక్కులొసగెను. 2014లో కేంద్రము దేశీయ వాయువును ఇండ్లకును వాహనములకును ముందుగా కేటాయించెను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల వంతు వచ్చుసరికి ఆ పోటీల విడత 11వది, సంవత్సరము 2022 అయ్యెను.

గొట్టము చేరని బంకునకు వాయువు సిలిండర్ల దొంతులలో, వాతావరణ పీడనమునకు 200 రెట్లు మించిన ఒత్తిడితో, లారీలపై వచ్చును. దొంతిలో ఒత్తిడి తగ్గుకొలది ఆటోలోనికి వాయువు మందగించును. వెనుక వరుస పెరుగును.

జూరాల, కల్వకుర్తి ఎత్తిపోతల నీటితో వరి విస్తరించిన ఈ సీమలో కోతల పిమ్మట గడ్డి పొలమునందే కాల్చబడుట చూచినప్పుడు నా మనస్సు కలతపడును. గడ్డి, పేడల నుండి తీసి శుద్ధిచేసిన జీవవాయువును చమురు సంస్థలు కొనునట్లు కేంద్రము 2018 అక్టోబరులో ‘సతత్’ పథకమును ఆరంభించినది. గొట్టములపై చూపు శ్రద్ధలో సగమైనను వనపర్తి, కొల్లాపురముల ప్రక్కన జీవవాయు కర్మాగారములపై చూపవలెను. గడ్డి నిలువచేయు చోటును, రైతునకు ముట్టు వెలయు ముందే నిర్ణయింపవలెను.